చూపు ఉండగానే గండికోట

రాయలసీమలో వసంతం పంచాంగంలో చెప్పినంత కాలం నిలవదు. మాఘం చివర మోదుగులు పూస్తాయి, వేపచెట్లు పాత ఆకు రాలుస్తాయి, తెల్లవారుజామున దుప్పటి ఇంకా కావాలనిపిస్తుంది. అలా రెండు మూడు వారాలు గడిచాయో లేదో, ఉదయం పది గంటలకే బండలు కాలడం మొదలవుతుంది. రాళ్ళ మీద నడవదలచినవారు ఆ కొద్ది రోజులలోనే నడవాలి. మాకు ఆ రోజులు షాబాన్ నెల చివరి వారంలో దొరికాయి. రంజాను వస్తే ఉపవాసాలు, తరావీహ్ నమాజులు; ఈద్ గడిచాక ఎండలు. అందుకని ఆ వారంలోనే కల్లూరు నుండి గండికోటకు బయలుదేరాం.

మా తొందరకు అసలు కారణం మాత్రం ఋతువు కాదు. మా అబ్బాకు గ్లాకోమా ఉంది. కంటిలోని ఒత్తిడి నరాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీసే జబ్బు అది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందుగా పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కనుక మనిషికి చాలాకాలం అనుమానమే రాదు. అబ్బా నమాజులో సలాం చెప్పి అటూ ఇటూ తిరిగినప్పుడు పక్కన ఎవరున్నారో తెలియడం లేదని అన్న రోజున గాని మాకు సంగతి అర్థం కాలేదు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలిన దానిని మందు చుక్కలతో కాపాడుకోవడమే మార్గమని కర్నూలులోని కంటి వైద్యులు చెప్పారు.

ఈ సందర్భంలో ఒక మాట పాఠకులకు చెప్పక తప్పదు. అబ్బా అంతకు ముందు రెండు రంజానులలో పగటిపూట మందు చుక్కలు మానేశారు. కంటిలో చుక్క వేస్తే రోజా భంగమవుతుందేమోనన్న భయం. మన ఇళ్ళలో ఈ భయం చాలామందికి ఉంది. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, గొంతులోకి చేరినదానిని మింగకుండా ఉంటే కంటి చుక్కలు ఉపవాసాన్ని భంగపరచవని నిర్ణయం ప్రకటించింది. హనఫీ ఉలమాలు కూడా కంటి మందుతో రోజా చెడదనే చెబుతారు. సందేహమున్నవారు తమ ఇమాము గారిని అడిగి తెలుసుకోవచ్చు. కాని అడగకుండా, వైద్యునికి చెప్పకుండా నెలంతా మందు మానెయ్యడం కంటిని పోగొట్టుకోవడమే. కళ్ళు కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే కదా!

అబ్బా తమ యవ్వనంలో బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ పని చేసేవారు. ఆ రోజులలో ఒకసారి తోటి పనివాళ్ళతో కలసి జమ్మలమడుగు నుండి కాలినడకన గండికోటకు వెళ్ళి, మస్జిదు కమానుల కింద రాత్రి గడిపారు. ఆ కథ మేము చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నాం. చూపు సంగతి తెలిశాక ఆయన కోరిన కోరిక అదొక్కటే. “కళ్ళు పోయాక అది ఎలా ఉందో మీరంతా నాకు చెబుతారు. చెప్పించుకోవడం కంటే ఒకసారి చూసుకోవడం మేలు కదా” అన్నారు.

బంధువులలో కొందరికి ఇది నచ్చలేదు. చూపు సరిగా లేని పెద్దమనిషిని లోయ అంచుకు తీసుకుపోతారా అని ఒకరు. కాలేజీ చదివే ఆడపిల్ల మెడలో కెమెరా వేసుకుని కొండలెక్కడమేమిటి అని మరొకరు. మొదటి మాటలో న్యాయముంది. దానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నాం. రెండవ మాటకు మా వారు నవ్వి ఊరుకున్నారు. మన కుటుంబాలలో ప్రయాణమంటే పెళ్ళి, చావు, లేదా ఉరుసు. సృష్టిని చూడడానికి బయలుదేరడం మనకు అలవాటు లేదు. భూమిపై సంచరించి సృష్టి ఎలా మొదలైందో పరిశీలించమని అన్‌కబూత్ సూరాలో అల్లాహ్ మానవులను పిలుస్తున్నాడు. ఆ పిలుపు మగవారికి మాత్రమే అని ఎక్కడా లేదు.

మా ఊరి పేరు విని కొత్తవాళ్ళు కొందరు నవ్వుతారు, ఈ ఊళ్ళో ఏమి దొరుకుతుందోనని. కన్నడంలో ‘కల్లు’ అంటే రాయి. నేనైతే రాళ్ళ ఊరని అనుకోవడానికే ఇష్టపడతాను. హంద్రీ దాటి నంద్యాల దారి పట్టామో లేదో రాళ్ళే ఎదురొస్తాయి. ఓర్వకల్లు దగ్గర గుట్టలు ఎవరో పేర్చిపెట్టినట్టుంటాయి. బేతంచెర్ల వైపు తిరిగితే దారికి రెండు పక్కలా నాపరాళ్ళ దొంతరలు, నీళ్ళతో తడుస్తూ తిరిగే రంపాల చప్పుడు. అబ్బా కారు అద్దం దించి ఆ చప్పుడు విన్నారు. ఏ మిల్లులో ఏ రంపం మొద్దుబారిందో శబ్దాన్ని బట్టి చెప్పగలరట. బనగానపల్లె వచ్చేసరికి మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. 1948 వరకు నవాబుల సంస్థానంగా ఉన్న ఊరు అది. కోవెలకుంట్ల దాటాక నల్లరేగడి భూములు. శనగ కోత అయిపోయి పొలాలు ఖాళీగా, చీలికలు పడి ఉన్నాయి. సాయంత్రానికి జమ్మలమడుగులో బంధువుల ఇంటికి చేరాం. నలభై ఎనిమిది మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణం కనుక మేము ముసాఫిర్లమయ్యాం. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జు నమాజులు నాలుగుకు బదులు రెండేసి రకాతులు. మగ్రిబ్, ఫజ్ర్ ఎప్పటి మాదిరే. మా అమ్మాయికి ఖస్ర్ నమాజు పుస్తకంలో చదవడమే గాని చేయడం అదే మొదటిసారి.

మరునాడు ఫజ్ర్ కాగానే బయలుదేరి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోట చేరేసరికి తూర్పు ఇంకా బూడిదరంగులోనే ఉంది. కోట గోడ, ద్వారం, ఊరి ఇళ్ళు దాటి రాళ్ళ మధ్య నుండి ముందుకు పోవాలి. దారి అంటూ ప్రత్యేకంగా లేదు. ఒక బండ మీద నుండి మరొక బండ మీదికి అడుగు వేస్తూ పోవడమే. అబ్బాకు ఎదురుగా ఉన్న బండ కనిపిస్తుంది, కాలి కింది సందు కనిపించదు. మా వారు ముందు నడిచి ప్రతి అడుగూ చోటు చెప్పారు. అమ్మాయి పక్కన చేయి పట్టుకుంది. వెనుక నేను. పది నిమిషాల నడకకు ముప్పావు గంట పట్టింది. అంచుకు పది అడుగుల ఇవతలే ఒక చదునైన బండ చూసి ఆయనను కూర్చోబెట్టాం. ఆ పది అడుగుల నియమం మేము బయలుదేరేటప్పుడే పెట్టుకున్నది. ఎవరూ దాటలేదు.

సూర్యుడు లేచాక లోయ ఒక్కసారిగా కనిపించలేదు. ముందు అవతలి గట్టు పైఅంచు ఎర్రబడింది. తర్వాత ఆ ఎరుపు మెట్టు మెట్టుగా కిందికి దిగింది. పలకలు పలకలుగా, ఎవరో ఇటుకలు పేర్చినట్టు నిలిచిన గోడలు. వాటి మధ్య సుమారు మూడు వందల అడుగుల లోతున పెన్నా. కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, సీమలో ఎక్కువ కాలం ఇసుకగానే ఉండే నది, ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా కోసింది. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో దీనిని పోల్చి చెప్పడం ఇప్పుడు వాడుక. ఆ పోలిక నాకు అంతగా రుచించదు. అది మైలు లోతున్న మహాలోయ. మనది దాని ముందు చిన్నది. చిన్నది కావడం వల్లనే అవతలి గట్టున మేకల కాపరి వేసే కేక ఇవతలికి వినిపిస్తుంది.

అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తల కొద్దికొద్దిగా తిప్పుతూ లోయను ఒక్కొక్క ముక్కగా చూశారు. గొట్టంలో నుండి చూసేవాడు అంతకన్నా ఏం చేయగలడు? అలా చూస్తూ చేత్తో తాము కూర్చున్న బండను నిమిరారు. “ఇది మన నాపరాయి కాదమ్మా, గట్టిది. దీని మీద అల ఉంది” అన్నారు. మేమెవ్వరమూ గమనించలేదు. వంగి చూస్తే నిజంగానే బండ ఉపరితలమంతా సన్నని అలల గీతలు, నీరు తీసిన ఇసుక ఒడ్డు మీద ఉన్నట్టు. గండికోట క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే రాయి ఇది. నేల మీద చెట్టూ పుట్టా లేని ప్రాచీన కాలంలో ఒక లోతులేని సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. ఆనాటి నీటి కదలిక ఆ ఇసుక మీద గీసిన గీతలు రాయిలో అలాగే మిగిలాయి. చుక్క నీటికి ముఖం వాచిన సీమలో, కొండ మీద, సముద్రపు అల! మా అమ్మాయి ఆ రోజు తీసిన మొదటి ఫోటో లోయది కాదు, ఆ గీతల మీద ఉన్న అబ్బా చేతిది.

కొండలలోని తెలుపు, ఎరుపు, కారునలుపు చారలను ఫాతిర్ సూరా ప్రస్తావిస్తుంది. బఖరా సూరాలో కఠిన హృదయాలను రాళ్ళతో పోల్చిన తర్వాత, రాళ్ళలోనూ కొన్ని చీలి నీటిని వెలువరిస్తాయని అల్లాహ్ గుర్తుచేస్తాడు. ఈ ఆయతులను నేను ఎన్నో రంజానులలో చదివాను. చీలిన రాయి ఎదుట కూర్చుని జ్ఞాపకం చేసుకోవడం వేరుగా ఉంది.

ఇక కెమెరా విషయం. అది మా తమ్ముడు వాడి వదిలేసిన పాత కెమెరా. రాళ్ళను తీయడం ముఖాలను తీయడం కన్నా కష్టమని అమ్మాయి అక్కడే తెలుసుకుంది. సూర్యుడు ఏటవాలుగా ఉన్నంతసేపే ప్రతి పలకకూ నీడ ఉంటుంది, నీడ ఉంటేనే లోతు తెలుస్తుంది. తొమ్మిదిన్నర దాటాక అదే గోడ చదునైన తెల్లని గుడ్డలా మారిపోయింది. ఎంత పెద్ద లోయ అయినా పక్కన కొలత తెలిసిన వస్తువు లేకపోతే ఫోటోలో గుంతలాగే కనిపిస్తుంది. అందుకని అవతలి గట్టు మీద మేకలు వచ్చేదాకా ఆ పిల్ల అరగంట కాచుకు కూర్చుంది.

మేకలు రాగానే మా ఇంటి పాత చర్చ కూడా వచ్చింది. ప్రాణులు లేని దృశ్యాల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య వివాదం లేదు. ప్రాణుల ఫోటోల విషయంలో అభిప్రాయభేదాలున్నాయి. కెమెరా కొత్తగా ఏదీ సృష్టించదు, ఉన్నదాని నీడను నిలుపుతుంది, అంతే అన్నది గత శతాబ్దం తొలినాళ్ళలో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వాదన. దానిని అంగీకరించనివారూ ఉన్నారు. మా అత్తగారు వారిలో ఒకరు. వారి గదిలో ఫోటోలు పెట్టము. ఆ గౌరవం మేము పాటిస్తాం. ఇంట్లో ఇద్దరి మాటా నిలవడానికి ఇంతకంటే మార్గం నాకు తోచలేదు. అబ్బా మాత్రం వేరే వైపు నుండి ఆలోచించారు. “నా కళ్ళు చేయలేని పని దాని కన్ను చేస్తోంది” అన్నారు. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వెలుగు వచ్చి బయటి రూపాన్ని ఎలా నిలుపుతుందో వెయ్యేళ్ళ కిందట బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ పరీక్షించి చూశాడు. కంటి నుండి చూపు బయటికి పోదని, వస్తువుల నుండి వెలుగే కంటిలోకి వస్తుందని తన కితాబుల్ మనాజిర్‌లో నిరూపించాడు. అమ్మాయి ఈ సంగతి చెబుతూ ఉంటే అబ్బా శ్రద్ధగా విని, “అయితే నా కంటి తలుపులు మూసుకుంటున్నాయన్న మాట” అన్నారు. తమాషాగానే అన్నారు. అమ్మాయి మాత్రం ఆ తర్వాత కొంతసేపు కెమెరా వెనకే ఉండిపోయింది.

ఎండ ఎక్కుతున్నకొద్దీ జనం పెరిగారు. యువకులు కొందరు లోయ అంచున ఒంటికాలి మీద నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. వెన్ను లోయ వైపు, ముఖం ఫోను వైపు! కొండ నునుపైన చోట ఇసుకరేణువు చాలు, కాలు జారడానికి. తమ చేతులారా వినాశంలో పడవద్దని హెచ్చరించే ధర్మాన్ని ఇంటివద్ద చదివే పిల్లలకు ఈ విషయం కూడా అందులో భాగమేనని చెప్పాలి. మా వారు వెళ్ళి “బాబూ, కాస్త ఇవతలికి రండి” అన్నారు. ఇద్దరు వచ్చారు. ఒకడు రాలేదు.

తిరిగి కోటలోకి వచ్చి జామియా మస్జిదుకు నడిచాం. ఎత్తైన మీనారులు, ముందు విశాలమైన ప్రాంగణం, కమానుల వరుస. దాపునే పెద్ద ధాన్యాగారం. కొద్ది దూరంలో మాధవరాయ ఆలయ గోపురం, లోయ వైపున రంగనాథ ఆలయం. విజయనగర రాజుల కాలం నుండి ఈ కోట పెమ్మసాని నాయకులది. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకున్నాడు. ఇరాన్ నుండి వచ్చి వజ్రాల వ్యాపారంతో పైకెదిగిన మనిషి అతడు. రెండేళ్ళ తర్వాత, 1652లో, ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికే వచ్చి అతనిని కలిశాడు. ఇంతటి కోట అని అతడు తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు.

ఇక్కడికి వచ్చే మనవాళ్ళలో కొందరు మస్జిదును చూసి గర్వపడి, ఆలయం వైపు తలెత్తరు. మరికొందరు గుడి చూసి మస్జిదును తప్పించుకుని పోతారు. ఇద్దరి చూపూ కుదించుకున్నదే. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ ఇక్కడ లేరు. మస్జిదులో నిత్య జమాఅతు లేదు, పెద్ద ఆలయాలలో నిత్య పూజ లేదు. పురావస్తు శాఖ బోర్డులు మాత్రం రెండింటి ముందూ ఉన్నాయి. దైవప్రవక్త (స) తబూక్ ప్రయాణంలో సమూదు జాతి శిథిలాలున్న హిజ్ర్ ప్రాంతం మీదుగా పోతూ, ఏడుస్తూ తప్ప అక్కడ ప్రవేశించవద్దని సహాబాలకు చెప్పారు. సౌదీ అరేబియాలో 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మొదటి స్థలం అదే. అది దైవశిక్ష దిగిన చోటు, గండికోట అటువంటిది కాదు. అయినా శిథిలాల ముందు మనిషి గొంతు తగ్గించాలన్న మర్యాద ఆ హదీసు నుండి నేను నేర్చుకున్నాను. మస్జిదు లోపలి గోడ మీద బొగ్గుతో, మేకుతో ప్రేమికుల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో తెలుగు పేర్లున్నాయి, ముస్లిం పేర్లూ ఉన్నాయి.

అబ్బా తాము పడుకున్న కమాను ఏదో వెతికారు. ఎడమ నుండి లెక్కపెట్టి, తడిమి, మూడవదని ఒకసారి, నాలుగవదని ఒకసారి అన్నారు. చివరికి రెండింటిలోనూ కాసేపు కూర్చున్నారు.

జుహ్ర్ వేళకు బయట ఒక వేపచెట్టు నీడకు వచ్చాం. మా దగ్గర తాగడానికి పోగా రెండు సీసాల నీళ్ళున్నాయి. అబ్బా అర లీటరుతో వుజూ పూర్తిచేసి, సీసాలో ఇంకా కొంచెం మిగిల్చారు. దైవప్రవక్త (స) ఒక ముద్దు, అంటే ఒక దోసిలి పట్టేంత నీటితో వుజూ చేసేవారని హదీసులున్నాయి. సీమలో పుట్టినవారికి ఈ సున్నతు వేరే నేర్పనక్కరలేదు.

నీళ్ళ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. లోయలో ఇప్పుడు కనిపించే నీరు దిగువనున్న మైలవరం జలాశయం వెనుకకు తన్నిన నీరు. ఎగువన గండికోట జలాశయం ఉంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణా నీరు ఇక్కడికి వస్తుంది. ఎండిన చేలకు అది ప్రాణం, సందేహం లేదు. కాని ఆ నీటి కింద ఊళ్ళున్నాయి. కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు 2020లో మునిగింది. వేపచెట్టు కింద టీ అమ్మే అవ్వ చుట్టాలు ఆ ఊరివారేనట. “ఇల్లు పోయిందానికంటే గోరీలు పోయినాయని మా సాయిబులు ఎక్కువ ఏడిసినారమ్మా” అంది మమ్మల్ని చూసి. అబ్బా చేతులెత్తి ఆ గోరీలలోని వారి కోసం దుఆ చేశారు. 2024 చివరలో గండికోట పర్యాటక అభివృద్ధికి కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంచున కంచె, గోడలకు కాపలా, ఆడవారికి మరుగుదొడ్లు, వుజూకో తాగడానికో ఒక కుళాయి ముందు వస్తే బాగుండునని నాకు అనిపించింది. గాజు వంతెనలు తర్వాత వచ్చినా ఫరవాలేదు.

దారిలో అమ్మాయి నా పక్కన కూర్చుని, “అమ్మీ, గ్లాకోమా తల్లిదండ్రులకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువట. నీకు నలభై దాటాయి, ఎప్పుడు చూపించుకుంటావు?” అని అడిగింది. ఆ వారంలోనే వెళ్ళి కంటి ఒత్తిడి చూపించుకున్నాను. అల్ హందు లిల్లాహ్, ఇప్పటికి బాగుంది. ఏటా చూపించుకోమన్నారు. మా తమ్ముడిని కూడా పంపాను.

రంజాను ఐదవ రోజున ఫోటోలు అచ్చయి వచ్చాయి. లోయ ఫోటోను అమ్మాయి తలుపంత పెద్దగా వేయించింది. అబ్బా మంచం ఎదుటి గోడకు దానిని తగిలించాం. మధ్యాహ్నం చుక్కలు వేయించుకుని, కన్ను మూసుకుని అయిదు నిమిషాలు ఆగి, ఆయన దాని దగ్గరికి వెళ్ళి నిలబడతారు. ఎడమ పైమూల నుండి మొదలుపెట్టి వరుసగా చూసుకుంటూ పోతారు. మొదటి రోజు మేకలను ఎనిమిది లెక్కపెట్టారు. మా అమ్మాయి ఏడే అంది. ఇద్దరూ భూతద్దం తెచ్చుకుని మళ్ళీ లెక్కపెట్టారు. ఎనిమిదే ఉన్నాయి.